ఆ పది వేళ్లూ నావే

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ పొద్దున పదిన్నరకు నెట్ సెంటర్ ఆయన నా హాల్ టికెట్ నంబరు కొట్టి, తెర వైపు చూసి, మళ్లీ నా మొహం వైపు చూసి, "ఎవరి రిజల్టమ్మా గిది, మనవరాలిదా?" అని అడిగాడు. నాదే అన్నాను. "అయితే నువ్వే పాసైనవ్ పో, సెకండ్ క్లాసు," అన్నాడు. నాకు అరవై నాలుగేళ్లు. మా తండాలో ఇప్పుడు చదువుకున్నవాళ్లు బాగానే ఉన్నారు. మా ఇంట్లో మాత్రం, తాతముత్తాతల దాకా వెతికినా, డిగ్రీ కాగితం మీద పేరెక్కింది నాదే మొదలు. మూడు కాపీలు తీయించాను. మూడెందుకో నాకే తెలియదు. బయట చెరకు రసం అమ్మే ఆయనకు చెప్పాను. ఆటో ఎక్కి, ఆటో నడిపే ఆయనకు చెప్పాను. ఖమ్మంలో నేనుండే కిరాయి గది ముందు వాకిలి ఊడ్చే ఆమెకు చెబితే, చీపురు పక్కన పెట్టి నన్ను గట్టిగా పట్టుకుంది.

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ అరవై దగ్గర పడుతుండగా చదువు ఎందుకు మొదలుపెట్టానో చెప్పకపోతే ఈ పాసుకు అర్థం లేదు. బళ్లలో, హాస్టళ్లలో ఇప్పుడిప్పుడే ఉద్యోగాలకు చేరుతున్న పిల్లలు మీరు. మీ కోసమే రాస్తున్నాను. సంతోషంగా మొదలుపెట్టాను గానీ ఇది సంతోషంగా సాగే కథ కాదు.

నేను భద్రాచలం రోడ్డులో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్లో పంతొమ్మిదేళ్లు ఆఫీసు అటెండరుగా చేశాను. గంట కొట్టడం, టీలు ఇవ్వడం, రిజిస్టర్లు మోయడం, కొత్తగా వచ్చిన పిల్లలు ఇంటి మీద బెంగతో ఏడిస్తే పక్కన కూర్చోవడం నా పని. పిల్లలు నన్ను ఆయమ్మా అనేవాళ్లు. అడవి ఊళ్ల పిల్లలకు ఆ బడిలో కొన్ని ఉచిత సీట్లుండేవి. మిగతావాళ్లలో ఎక్కువమంది సత్తుపల్లి వైపు తోటలున్నవాళ్ల పిల్లలు, బొగ్గు గనుల్లో ఉద్యోగస్తుల పిల్లలు. అందరూ ఒకే బెంచీల మీద కూర్చునేవాళ్లు. ఆ మిషన్ వచ్చేదాకా.

నా రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుండగా, ఒక శీతాకాలం చివర, హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో మైకు. హాల్లో టీచర్లను, మమ్మల్ని అందరినీ కూర్చోబెట్టి తెర మీద ఒక మెదడు బొమ్మ వేశాడు. సగం ఎరుపు, సగం నీలం. ఒక పక్క లెక్కలట, రెండో పక్క పాటలూ బొమ్మలూనట. తల్లి కడుపులో బిడ్డ మెదడూ, వేలి కొనల మీది గీతలూ ఒకే సమయంలో తయారవుతాయట. కాబట్టి వేళ్లు చూస్తే మెదడును చూసినట్టేనట. పది వేళ్లూ మిషన్ మీద పెడితే, పిల్ల డాక్టరవుతుందో టైలరవుతుందో ముందే తెలిసిపోతుందట.

"మనం మెదడులో పదో వంతే వాడుకుంటున్నం సార్. మిగతాదంత నిద్రలో ఉన్నది," అన్నాడు ట్రైనర్.

నా పక్కన మా వంటామె నిలబడి ఉంది. "మన సార్లను చూస్తె పదో వంతు గూడ ఎక్కువనే చెప్పిండు," అంది నా చెవిలో. మళ్లీ, "మా అవ్వ గూడ వేళ్ల మీద శంఖాలు, చక్రాలు లెక్కవెట్టేది. నాకు పది చక్రాలున్నయి, రాణినైతనన్నది. గీ మూకుడు కాడ నిలబడ్డ," అంది.

నవ్వాను గానీ, నిజం చెప్పాలంటే నేను నమ్మాను. ఆ హాల్లో అందరికంటే ఎక్కువ నమ్మింది నేనేనేమో. చదువుకున్నవాళ్లు ముందు వరుసలో కూర్చుని తలలూపుతుంటే, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నేను ఎందుకు అనుమానపడతాను. పైగా మిషన్ నడిపే పని నాకే ఇచ్చారు. అరగంట నేర్పించి, మెడలో ఒక బ్యాడ్జి వేశారు. ఆ బ్యాడ్జి వేసుకుని గంట కొట్టడానికి వెళ్లాను ఆ రోజు.

మా ప్రిన్సిపల్ సత్తుపల్లి వైపు పెద్ద రైతు కుటుంబం మనిషి. చెడ్డవాడు కాదు. పక్క ఊరి స్కూల్లో అప్పటికే ఆ మిషన్ పెట్టారని ఆయనకు గుబులు. ఎనిమిదో తరగతి పిల్లలను రిపోర్టు ప్రకారం రెండు సెక్షన్లు చేస్తామన్నాడు. ఒకటి ఎంట్రెన్సు పరీక్షలకు తయారయ్యే సెక్షను, రెండోది చేతి పనులు నేర్చుకునే సెక్షను. "నూటికి నూరు మందివీ శనివారానికల్లా అయిపోవాలమ్మా. ఒక్కటి తగ్గినా వాళ్లు అప్‌లోడ్ చెయ్యరంట," అని నాకు చెప్పాడు.

ఆ ఎనిమిదో తరగతిలో చర్ల అవతలి ఊరి అమ్మాయి ఒకతె ఉండేది. కోయ పిల్ల. సన్నగా, గడ్డం కింద చిన్న పచ్చబొట్టుతో ఉండేది. ఆ పిల్లకు లెక్కలంటే ఆట. నేను గంట కొడుతుంటే స్తంభానికి ఆనుకుని నిలబడి, "ఆయమ్మా, నువ్వు ఏడాదికి ఎన్ని దెబ్బలు కొడ్తవో చెప్పనా?" అనేది. ఆదివారాలు, పండుగలు తీసేసి, పరీక్షల రోజుల్లో ఎక్కువ కొట్టేవి కలిపి, ఒక అంకె చెప్పేది. "పోయినేడు నీకు జరం వచ్చి నాలుగు రోజులు వాచ్‌మన్ తాత కొట్టిండు, గవి తీసేసిన," అనేది. లెక్కల సార్ ఆ పిల్ల నోటుబుక్కును స్టాఫ్ రూముకు తెచ్చి అందరికీ చూపించేవాడు.

స్కానింగ్‌కు ముందు ఆ పిల్ల జాతరకని సెలవు పెట్టి ఇంటికి వెళ్లింది. పది రోజులకు వచ్చింది. జాతర రెండు రోజులే, మిగతా ఎనిమిది రోజులు తల్లితో కలిసి మిర్చి ఏరింది. మిర్చి ఏరినవాళ్ల చేతులు చూశారా మీరు? ఘాటుకు వేలి కొనలు కాలి, పొరలు పొరలుగా చర్మం లేచిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల వంతు వచ్చింది. అద్దం మీద వేలు పెడితే ఎర్ర లైటు. ఇంకో వేలు, ఎర్ర లైటు.

"వేళ్లు తలకు రుద్దుకో," అన్నాను. రేషన్ షాపులో వేలు పడకపోతే అందరం చేసే పనే. జుట్టులో వేలు రుద్దుకుంటే నూనె అంటుకుని ముద్ర పడుతుంది. ఆ పిల్ల రుద్దుకుంది. తడి గుడ్డతో తుడిచాం. వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి రుద్దితే, మంటకు చెయ్యి వెనక్కి లాక్కుంది గానీ అబ్బా అనలేదు. పదింటిలో మూడు పడ్డాయి.

"మా అమ్మవి గూడ పడవు ఆయమ్మా. బియ్యానికి నేనే పెడ్త," అంది.

ట్రైనర్ బ్యాగు సర్దుకుంటున్నాడు. "ఫైల్ ఇన్‌కంప్లీట్ ఉంటే మొత్తం క్లాసుదే ఆగిపోతది మేడం. జల్దీ చూడండి, నాకు బస్సున్నది," అని చెప్పి ఫోన్ మాట్లాడడానికి బయటికి వెళ్లాడు.

పిల్లను పంపించేశాను. తలుపు దగ్గరికి వేసి, నా వేళ్లు పెట్టాను.

అప్పుడు అది మోసమని నాకు అనిపించలేదు. మా ఊళ్లో ముసలమ్మ వేలు పడకపోతే కార్డులో పేరున్న ఇంకొకరు పెడతారు, ఆమె బియ్యం ఆమెకు అందుతాయి. ఎవరి వేలు అని కాదు, తిండి ఆగకూడదు అని చూస్తాం. మిషన్‌కు చేతకాకపోతే పిల్ల ఎందుకు వెనకబడాలి అనుకున్నాను. మూడు వేళ్లు ఆమెవీ ఏడు నావీ కలిపితే ఎలాంటి మెదడు తయారవుతుందోనని భయం వేసి, ఆ మూడూ తీసేసి పదీ నావే పెట్టాను. అంత నమ్మకం నాకు ఆ మిషన్ మీద.

ఇంకొక అబ్బాయి మిగిలాడు. అమ్మవారు పోసి ఇంటికి వెళ్లాడు. వాళ్లకు సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోట. ప్రిన్సిపల్‌కు ఫోన్ చేసి అడిగితే, "ఎలాగోలా చూడమ్మా," అన్నాడు. ఎలాగోలా అంటే ఏమిటో నాకు అప్పటికి వచ్చేసింది. మళ్లీ అవే పది వేళ్లు పెట్టాను. వేళ్లకు ముందు నింపే వివరాలు కూడా నేనే కొట్టాను. ఊరు, ఇంట్లో మాట్లాడే భాష, తండ్రి చేసే పని. ఆ పిల్లకు చర్ల మండలం, కోయ, కూలి. ఆ అబ్బాయికి సత్తుపల్లి, తెలుగు, తోటలూ వ్యాపారమూ.

నెల తిరక్కుండా రిపోర్టులు వచ్చాయి. నున్నటి కాగితం, రంగురంగుల పుస్తకం ఒక్కొక్కటి. సర్దే పని నాది కాబట్టి ముందు నేనే చూశాను. మూడో పేజీలో పది వేలిముద్రల ఫొటోలు అచ్చువేసి ఉన్నాయి. నా ఎడమ బొటనవేలి మీద కొడవలి గాటు ఒకటుంది. చిన్నప్పుడు జొన్న కోస్తుంటే తెగింది. ఆ పిల్ల పుస్తకంలో ఆ గాటు ఉంది. ఆ అబ్బాయి పుస్తకంలోనూ ఉంది.

పేజీ తిప్పాను. అబ్బాయి పుస్తకంలో, ఈ బిడ్డది లోతుగా విశ్లేషించే మెదడు, వైద్య విద్యకు తగినవాడు అని ఉంది. ఆ పిల్ల పుస్తకంలో, ఈ బిడ్డకు బలం చేతుల్లో ఉంది, కుట్లు, అల్లికలు, తోట పని నేర్పించండి, లెక్కల భారం పెట్టకండి అని ఉంది.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయాను. ప్రిన్సిపల్ కుర్చీ అది. ఎన్నడూ కూర్చోలేదు అందులో. మిషన్ వేళ్లు చూడలేదు. నేను కొట్టిన మూడు మాటలు చూసింది, ఊరు, భాష, తండ్రి పని. ఈ సంగతి ఆ బడిలో తెలిసింది నాకు ఒక్కదానికే. చెప్పాలంటే నా వేళ్లు పెట్టానని ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు స్టాఫ్ క్వార్టర్‌లో నా గది పోతుంది. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ గదే నా ఇల్లు.

మర్నాడు స్టాఫ్ మీటింగు. సెక్షన్ల జాబితా చదివారు. నేను టీ కప్పులు అందిస్తున్నాను. లెక్కల సార్ లేచాడు. కొత్తగా పెళ్లయిన కుర్రాడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు.

"సార్, ఆ పిల్లను స్కిల్ సెక్షన్ల ఎట్ల ఏస్తం? నేను చెప్పకముందే చేస్తది లెక్క," అన్నాడు.

"మీ అభిమానం నాకు తెలుసండీ," అన్నాడు ప్రిన్సిపల్. "మార్కులు ఈ రోజు వస్తాయి, రేపు పోతాయి. ఇది పుట్టుకతో వచ్చిన కెపాసిటీ. సైన్సు. మన ఇష్టాలతో సెక్షన్లు చేస్తామా?"

"అసలు వేళ్లు మంచిగ పడ్డయో లేదో సార్. మిర్చి ఏరి వచ్చింది గదా, చేతులన్నీ పగిలి ఉండె." లెక్కల సార్ నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వే గద చేసింది. పిల్ల వేళ్లు పడ్డయా?"

అందరూ నా వైపు చూశారు. చేతిలో టీ పళ్లెం. నేను ఎంతసేపు ఆగానో తెలియదు. ఎక్కువసేపు ఆగినట్టు లేదు, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాలేదు.

"పడ్డయి సార్," అన్నాను.

ఆయన కూర్చున్నాడు. నేను మిగిలిన కప్పులు అందించాను.

నా ఉద్యోగ జీవితంలో ముఖ్యమైన రోజు ఏదంటే అదే. ఆ రోజు నేను చేసిన పని ఒక మాట. దాని కంటే చిన్న పని ఉండదు.

పుస్తకాలు పంచిన రోజు ట్రైనర్ మళ్లీ వచ్చి, కడుపులో తయారయ్యే మెదడు సంగతి పిల్లలకూ చెప్పి వెళ్లాడు. ఆ పిల్ల గంట స్తంభం దగ్గరికి వచ్చింది. బొమ్మ ఉన్న పేజీ తెరిచి పట్టుకుంది. "ఇది నా మెదడేనా ఆయమ్మా?" అని అడిగింది. ఎరుపూ నీలమూ రంగులున్న బొమ్మ. అందరి పుస్తకాల్లోనూ అదే బొమ్మ. "మంచిగున్నది గని, లెక్కల కాడ రంగు పలచగున్నది సూడు. అందుకే లెక్కలు చేస్తే నాకు తల నొస్తదేమో," అంది.

"ఎన్నడన్న నొచ్చిందా బిడ్డా?"

"నొయ్యలే. ఇగ నొస్తదేమో."

ఆ తర్వాత ఆ పిల్ల నేను గంట కొట్టే లెక్క చెప్పలేదు. లెక్కల సార్ రహస్యంగా రెండు మూడు లెక్కలిస్తే, "నాకు రావు సార్," అని కాగితం తిరిగి ఇచ్చేసిందట. చేయకుండానే. వేసవి సెలవులకు వెళ్లింది, జూన్‌లో రాలేదు.

జూన్‌లో అటెండెన్సు రిజిస్టరులో ఆ పేరు మీద ఎర్ర గీత పడిన రోజు నేను ప్రిన్సిపల్ గదిలోకి వెళ్లి, ఆఫీసు ఫైలులో ఉంచిన ఆ రెండు పుస్తకాల ప్రతులూ బల్ల మీద పెట్టి, పక్కన నా ఎడమ బొటనవేలు పెట్టాను. అంతా చెప్పాను. గది ఖాళీ చేయడానికి ముందే బట్టలు మూట కట్టి పెట్టుకుని వెళ్లాను.

ఆయన చాలాసేపు గాటు వైపు చూశాడు. "ఎవరికన్నా చెప్పావా?" అన్నాడు.

"లేదు సార్."

"చెప్పకు. గేటుకు ఫ్లెక్సీ కట్టేశాం. తల్లిదండ్రులందరికీ ఇచ్చేశాం."

"మిషన్‌దే తప్పు సార్. అవే వేళ్లకు రెండు తీర్ల ఎట్ల చెప్తది?"

"అమ్మా, నువ్వు చదివింది పదో తరగతి," అన్నాడు, కోపం లేకుండానే. "మెదడు గురించి నువ్వు చెబితే నేను వినాలా? అదంతా పెద్ద పెద్ద వాళ్లు చేసిన సైన్సు. నువ్వు ఏదో నొక్కి ఉంటావు. వెళ్లు, టైమయింది, గంట కొట్టు."

అంతే. ఉద్యోగం పోలేదు, గది పోలేదు, జీతం కూడా కోయలేదు. నేను దేనికి భయపడి ఒక పిల్లను పోగొట్టానో, అది పోయేదే కాదు. గదికొచ్చి కట్టిన మూట విప్పాను. అంత నీచంగా నేను ఎన్నడూ ఏ మూటా విప్పలేదు.

తర్వాతి ఆదివారం చర్ల బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో, ఆటో ఆగిన చోటు నుంచి నడక. మధ్యలో పోలీసు క్యాంపు దగ్గర బ్యాగు చూపించమన్నారు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, రెండు పుస్తకాలు. ఒకతను రంగుల బొమ్మను అటు తిప్పీ ఇటు తిప్పీ, "ఏంది ఇది, మ్యాపా?" అన్నాడు. మెదడు మ్యాపు అన్నాను. ఇంకా అనుమానంగా చూశాడు. ఆ బొమ్మను అనుమానంగా చూసిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే.

ఆ పిల్ల తల్లితో కలిసి పత్తి గింజలు పెడుతోంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. గట్టు మీద కూర్చోబెట్టి, పుస్తకాలు తెరిచి, నా వేలు గాటు మీద ఆనించి, అంతా చెప్పాను. నీ వేళ్లు మిషన్ చూడనే లేదు బిడ్డా, అవి నావి అన్నాను.

నా వేలు చూసింది, తన వేళ్లు చూసుకుంది. "అయితే నీకూ నాకూ ఒకటే మెదడేమో ఆయమ్మా," అని నవ్వింది.

"మరి గీ పిలగానికి డాక్టరని ఎట్ల వచ్చింది? గవే వేళ్లు గద, సూడు."

చూసింది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని, నా వేలు పట్టుకుని మరీ చూసింది. అర్థమైందని నాకు తెలుస్తూనే ఉంది. లెక్కలు అర్థమైనప్పుడు ఆ పిల్ల కనుబొమలు దగ్గరికి వచ్చేవి, అలాగే వచ్చాయి. తర్వాత పుస్తకం మూసింది.

"వాళ్లది వేరే ఆయమ్మా," అంది.

తల్లి అన్నం పెట్టింది. తింటుంటే ఆ పిల్లే మళ్లీ అంది, నన్ను ఓదార్చడానికన్నట్టు: "అయినా నువ్వు పదే గద సదివినవ్. గంత సదువుకున్న సార్లకు తెల్వదా?"

వాళ్లిద్దరూ, ప్రిన్సిపలూ ఆ పిల్లా, ఒకే మాట అన్నారు. బస్సులో తిరిగి వస్తూ నిర్ణయించుకున్నాను, డిగ్రీ చదవాలని. ఓపెన్ ఇంటర్ కట్టాను, తర్వాత ఓపెన్ డిగ్రీ. ఇంగ్లీషు రెండుసార్లు తప్పాను. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు నన్ను నీళ్లిచ్చే మనిషి అనుకుని గ్లాసు అడిగాడు. ఇచ్చాను కూడా, అలవాటు. మనస్తత్వశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకుని, పుస్తకం మొత్తం రెండుసార్లు చదివాను. వేలి గీతల్లో మెదడు కనిపిస్తుందని ఎక్కడా లేదు. పదో వంతు మాట లేదు. లెక్కలకు ఒక పక్క, పాటలకు ఒక పక్క అని పంచిపెట్టడమూ లేదు, రెండు పక్కలూ కలిసే పనిచేస్తాయట. ఒక పాఠంలో మాత్రం ఇలా ఉంది, ఒకే మనిషిని ఒకే కొలతతో రెండుసార్లు కొలిస్తే ఒకే ఫలితం రావాలని. లేకపోతే ఆ కొలత పనికిరాదని. కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. ఆ పాఠం నాకు ముందే వచ్చు. దానికి ఒక పిల్ల ఖర్చయింది.

పుస్తకం నమ్మమని చెప్పడం లేదు మీకు. మిషన్ పక్కన నిలబడేది మీలాంటివాళ్లే అవుతారు. పెద్దవాళ్లు రిపోర్టు చూస్తారు, మీరు వేళ్లు చూస్తారు. చూసింది ఆ రోజే చెప్పండి, అంతకంటే నాకేం తెలియదు.

ఈ మధ్య మిర్చి సీజనులో కారేపల్లి దగ్గర మా అన్న ఇంటికి వెళ్లాను. పక్క చేనులో చర్ల వైపు నుంచి ఏరడానికి వచ్చిన ముఠా ఉంది. ముఠాకు పెద్ద ఒక ఆడమనిషి, ఇరవై ఏళ్లుంటాయేమో, గడ్డం కింద పచ్చబొట్టు. నన్ను గుర్తుపట్టింది. నలభై మంది ఆడవాళ్లు ఆ పిల్ల కింద. ఎవరు ఎన్ని బుట్టలు ఏరారు, ఎవరు మధ్యాహ్నం వచ్చారు, ఎవరి బుట్ట నిండలేదు, రేపు ఎంతమంది వస్తే ఎన్ని సాళ్లు అవుతాయి, అంతా నోటితో చెబుతోంది. చేతిలో కాగితం లేదు, ఫోను లేదు. చేను ఆసామి కాలిక్యులేటరు నొక్కి నొక్కి చివరకు, "అవ్, నువ్వు చెప్పిందే కరెక్టు," అన్నాడు.

"లెక్కలు రావంటివి గద," అన్నాను నేను.

"రావు ఆయమ్మా," అంది.

"మరి గిదేంది?"

"ఇది లెక్క ఎట్లయితది? ఇది పని." నవ్వుతూనే అంది. తర్వాత, నీళ్లు తాగుతూ, చెల్లెలి గురించి చెప్పింది. పదకొండేళ్లట, ఐదు అయిపోతుందట. ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతికి సీటుందని టీచరు ఇంటికి వచ్చి అడిగాడట. "వద్దన్న. కడుపుల నుంచే వస్తదంట గద ఆయమ్మా, మెదడు. ఒక కడుపే గద మాది. దానికి గూడ గంతే ఉంటది. ఉత్తగ నాలుగేండ్లు పోగొట్టుడెందుకు?"

ఏడేళ్ల తర్వాత కూడా ట్రైనర్ మాట ఒక్కటీ మరిచిపోలేదు. మంచి జ్ఞాపకశక్తి.

ఆ రోజు చేనులో మళ్లీ చెప్పాను, అవి నా వేళ్లని. "ఎరుకే ఆయమ్మా," అంది, చంటిపిల్లను ఊరుకోబెట్టినట్టు. అందుకే ఈ పాసు కోసం అంత ఎదురుచూశాను. ఇప్పుడు నేనూ చదువుకున్నదాన్ని. ఈ రోజు నెట్ సెంటర్ నుంచి గదికి వచ్చాక మార్కుల కాగితం బల్ల మీద పరిచి చూసుకుంటుంటే తట్టింది, కాగితం చెప్పిందని నమ్మొద్దు అని చెప్పడానికి నేను ఇంకో కాగితం పట్టుకుని బయలుదేరుతున్నాను. ఇది నమ్మితే అదీ నమ్మాలి. ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆరో తరగతి సీటుకు గడువు మాత్రం దగ్గర పడింది.

ముందు అందరికీ ఫోన్లు చేయాలి. ఇంకా మిగిలినవాళ్లు:

మా అన్న. చెవులు సరిగా వినిపించవు, వదినకు చెబితే ఆమె అరిచి చెబుతుంది.

వంటామె. ఏం చెప్పినా ఒక తిట్టు తిట్టి సంతోషపడుతుంది.

ప్రిన్సిపల్. రిటైరై సత్తుపల్లిలో ఉన్నాడు. డిగ్రీ అంటే అభినందిస్తాడు, తర్వాతి మాటకు ఫోన్ పెట్టేస్తాడు.

లెక్కల సార్. ఆ రోజు పడ్డయి అన్నది అబద్ధమని ఆయనకు ఇప్పటికీ తెలియదు. పాసైన సంగతి కంటే ముందు అది చెప్పాలి.

ఆ అబ్బాయి. మూడో ఏడు కూడా మెడికల్ ఎంట్రెన్సు కోచింగ్‌లోనే ఉన్నాడట. ఆ పుస్తకాన్ని వాళ్ల నాన్న అద్దం కట్టించి హాల్లో పెట్టాడని విన్నాను. అవి నావి బాబూ అని అతనికీ చెప్పాలి.

ఆ అమ్మాయి. గుట్ట ఎక్కినప్పుడే సిగ్నల్ అందుతుంది, పొద్దున్నే చేయాలి.

ఆ అమ్మాయి చెల్లెలు. ఆమెకు ఫోన్ లేదు.